బరువు చూసి కొన్న బూస్టర్

నాకు కోపం ఎక్కువని జహీరాబాద్‌లో నాతో ఒక్కరోజు పనిచేసిన మేస్త్రీ ఎవరైనా చెబుతాడు. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు కరెంటు వైరింగ్ చేసి బతుకుతున్నాను. గోడ తడి ఆరకముందే బోర్డు బిగించమంటే తిడతాను. ఎర్త్ వైరు ఎందుకు దండగ అంటే తిడతాను. రంగు బాగుందని స్విచ్చు కొనే ఇంటి యజమానిని మరీ తిడతాను. సరుకును కంటితో కాదు, చేత్తో చూడాలని మాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. హోల్డరు గాని, రెగ్యులేటరు గాని, స్టెబిలైజరు గాని, అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడిస్తాం. బరువుంటే లోపల రాగి ఉన్నట్టు, తేలికగా ఉంటే డొల్ల. మా వైర్‌మన్లందరిదీ ఇదే పద్ధతి. ఈ చేతి తూకం మీద నాకెంత నమ్మకమంటే, డబ్బా మీద ఏ ముద్ర ఉందో, ఏ నంబరు ఉందో ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

ఆ నమ్మకమే మా అక్క చేసే పనికి ముప్పు తెచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం ఒక్కో రోజు ఒక్కో తీరుగా ఉంటుంది.

మా అక్క న్యాల్‌కల్ వైపు ఒక చిన్న ఊళ్లో ఆశా వర్కర్. మేం పుట్టింది కోహీర్ దగ్గర, ఆమె ఆ ఊరికి కోడలుగా పోయింది. బావ చనిపోయాక ఆ పనే ఆమెకు అన్నం, ఆ పనే మర్యాద. ఎవరికి ఎన్నో నెల, ఎవరి బిడ్డకు ఏ సూది బాకీ, ఎవరు రక్తం మాత్రలు మింగకుండా పెంట మీద పారేస్తున్నారు, అన్నీ నోటి లెక్కే. ఆమె పనికి ముఖ్యమైన పనిముట్టు ఫోను. ఆ ఫోనుకేమో ఆమె ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. రాతి గోడలు, ఆ పైన స్లాబు. పెరట్లోకి వెళ్తే అవతలి రాష్ట్రం టవర్ అందుకుని, రమ్మని స్వాగతం చెబుతూ కన్నడంలో మెసేజ్ వచ్చేది. అక్క ఫోనును కిటికీ చువ్వకు దారంతో కట్టి, దాని పక్కనే మంచం వేసుకుని పడుకునేది.

"ఎవలకన్న నొప్పులొస్తే నాకెట్ల తెలుస్తది తమ్మీ? గదే ఫికర్ నాకు. జర ఏమన్న ఉపాయం చెయ్" అంది ఒకసారి.

అక్క నన్ను ఏదైనా అడగడం తక్కువ. అడిగిందని పొంగిపోయాను.

జహీరాబాద్ బజారులో నేను ఎప్పుడూ సామాను కొనే దుకాణం ఒకటి ఉంది. అందులో గాజు అల్మారా నిండా సిగ్నల్ బూస్టర్లు పెట్టారు. ఇంటి మీద ఒక యాంటెనా, ఇంట్లో ఒక యాంటెనా, మధ్యలో ఈ డబ్బా. టవర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచి ఇంట్లోకి వదులుతుంది, ఇంట్లో ఫోను పంపేదాన్ని పెంచి టవర్‌కు చేరుస్తుంది. దుకాణదారు రెండు రకాలు తీసి నా ముందు పెట్టాడు. రెండిటి మీదా తళతళలాడే స్టిక్కరు, దాని మీద సర్కారు ఆమోదం నంబరు.

"అన్నా, అసలైతే ఇవి ఫోన్ కంపెనోళ్లే పెట్టాల్నట. గని అందరు పెట్టుకుంటున్రు. ఫామ్‌హౌస్‌లల్ల, ఫంక్షన్ హాళ్లల్ల, యాడ జూసిన ఇవే" అన్నాడు.

ఆ మాట నా చెవిన పడింది. పడలేదని అబద్ధమాడను. కానీ నా చెయ్యి అప్పటికే డబ్బాలను తూచే పనిలో ఉంది. ఒకటి తేలిక. రెండోది చేతిలో పెట్టగానే మణికట్టు కిందికి వంగింది. "ఇదిరా సరుకంటే" అన్నాను. బిల్లు కావాలా అని అడిగితే, "బిల్లెందుకు, నువ్వేడికి పోతవ్, నేనేడికి పోత" అని నవ్వాను.

ఆ ఆదివారం అక్క చర్చి నుంచి వచ్చేసరికి బిగించడం మొదలుపెట్టాను. స్లాబు మీద ఇనుప పైపు నిలబెట్టి ఒక యాంటెనా కట్టాను. డబ్బాతో ఇచ్చిన కేబుల్ పొట్టిది, అందుకని రెండోదాన్ని సరిగ్గా దాని కిందే, గది కప్పుకు బిగించాను. రెండిటి మధ్య స్లాబు మందమే దూరం. ఇక నా సొంత తెలివి ఒకటి వాడాను. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరైనా స్విచ్చు ఆపి మళ్లీ వేయడం మరిచిపోతారేమోనని, అసలు స్విచ్చే లేకుండా మీటరు నుంచి నేరుగా లైను ఇచ్చాను. "దీనికి ఇగ చావు లేదక్కా" అన్నాను.

అక్క ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఎవలు పిలిచినా నాకు ఇనబడేటట్టు చెయ్" అని ప్రార్థన చేసింది. ఫోను మీద నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి. ఆ పూట నాకు జొన్నరొట్టె మీద నెయ్యి రాసి పెట్టింది. కడుపు నిండినా ఇంకొకటి అడిగి తిన్నాను.

తర్వాత నెలన్నరకు ఆ ఊళ్లో ఒకామెకు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. మొగుడు అక్కకు ఫోన్ చేశాడు, పోలేదు. అంబులెన్సుకు చేశాడు, కుయ్ కుయ్ అని కట్ అయింది. మళ్లీ అక్కకు చేశాడు. వాళ్లిల్లు ఊరికి ఆ కొసన, చేన్లో ఉంది. అక్కకోసం పరుగెత్తుకు రావాలంటే భార్యను ఒంటరిగా వదలాలి. చివరికి దారిన పోతున్న ఆటోను ఆపి ఆమెను ఎక్కించుకుని జహీరాబాద్ బయలుదేరారు. ఆమె దారిలోనే, ఆటోలోనే ప్రసవించింది. ఆటో నడిపేవాడు మొహం అటు తిప్పుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడట. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు.

దక్కారు గనుక మాట అనడానికి అందరికీ తీరిక దొరికింది. ఆశా వర్కర్ ఫోన్ ఎత్తలేదని మొగుడు దవాఖానలో గొడవ చేశాడు. నేనైనా అదే చేసేవాడిని. దవాఖాన పెద్ద డాక్టరు అక్కను పిలిపించి సంజాయిషీ రాసిమ్మన్నాడు. సిగ్నల్ లేదేమో సార్ అని అక్క అంటే, సూపర్‌వైజరమ్మ ఇంటికి వచ్చి చూసింది. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

"ఇన్ని గీతలుండంగ సిగ్నల్ లేదంటవా? మేం చేస్తే ఎత్తుతవ్. ఊరోళ్లు చేస్తే ఎందుకు ఎత్తవ్?" అని అడిగింది.

దవాఖాన వాళ్లు చేస్తే ఫోన్ మోగడం నిజం. ఊరివాళ్లు చేస్తే మోగకపోవడం కూడా నిజమే. ఆమెను తీసేసి వేరే ఆమెను పెట్టాలని కాగితం తయారవుతోందని వారం లోపే తెలిసింది. చిరాగ్‌పల్లిలో ఒక దాబాకు లైట్లు బిగిస్తుండగా అక్క ఫోన్ చేసి ఈ మాట చెప్పింది. ఏడవలేదు. "నా బ్యాగు, రిజిస్టర్లు అప్పజెప్పాల్నేమో తమ్మీ" అంది, అంతే. నేను నిచ్చెన దిగి టెస్టర్‌ను నేలకేసి కొట్టాను.

ఆ మధ్యాహ్నమే ఊరికి పోయి నలుగురిని అడిగాను. అందరిదీ ఒకటే మాట. ఫోన్‌లో గీతలు కనబడతాయి, కాల్ మాత్రం పోదు. ఒకరోజు పోతుంది, ఒకరోజు పోదు. కొన్నాళ్లుగా ఇదే బాధ. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. ఫోన్ కంపెనీ టవర్!

టవర్ చూసుకునే టెక్నీషియన్ వచ్చిన రోజు కంచె దగ్గర నిలబడి నేను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టేవి కావు. అతను మంచివాడు, ఓపికగా విన్నాడు. "అన్నా, టవర్ మంచిగనే ఉన్నది. గీ ఊళ్లకెళ్లే ఏదో కూత పెడ్తున్నది. గా లొల్లిల టవర్‌కు మీ ఫోన్లు చెప్పేది ఇనబడ్తలేదు" అన్నాడు. నీ టవర్‌కు చెవుడు వస్తే మా ఊరికి రోగం అంటగడతావా అని మీది మీదికి పోయాను. ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించాను. ఫోన్ తరంగాల మీద కన్నేసి ఉంచే సర్కారు శాఖకు ఫిర్యాదు రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. హైదరాబాద్ పోయి వాళ్ల ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. నేను పిలవకపోతే వాళ్లు ఆ ఊరికి వచ్చేవాళ్లే కాదు. నేనే పిలిచాను.

ఒకనాడు పొద్దున తొమ్మిదింటికి జీపు వచ్చింది. దిగిన అధికారి ఒక ఇంజనీరమ్మ, ఎండకు తలకు చున్నీ చుట్టుకుంది. చేతిలో చేప ముల్లులాంటి యాంటెనా, దానికో చిన్న తెర. ఆమె నడుస్తుంటే నేను వెంటపడి టవర్ కంపెనీ పాపాలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె వినలేదు, తెరనే చూస్తోంది. ముల్లును ఎడమకు తిప్పుతుంది, కుడికి తిప్పుతుంది, నాలుగడుగులు వేస్తుంది. కిరాణా కొట్టు దాటింది. చర్చి దాటింది. బోరింగు దగ్గర ఆగి, ముల్లును ఒక స్లాబు వైపు గురిపెట్టి కదలకుండా నిలబడింది.

"ఈ ఇల్లు ఎవరిది?"

అక్క గడపలో నిలబడి, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి చెంబు పట్టుకుని ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. నేను ఊరితో ఆగలేదు, హైదరాబాద్ దాకా పోయి వెతికాను.

"దీన్ని ఆపండి. స్విచ్ ఎక్కడ?" అని అడిగింది ఇంజనీరమ్మ, లోపలికి వచ్చి బూస్టర్ డబ్బాను చూపించి.

"లేదు మేడమ్" అన్నాను.

"లేకపోవడమేంటి? ఎవరు చేశారండి ఈ వైరింగ్?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్నకు తలెత్తుకుని జవాబు చెప్పని రోజు అదొక్కటే. మీటరు దగ్గర మెయిన్ దించి, నా చేత్తో నేను వేసిన జాయింటును నేనే విప్పాను. రెండు నిమిషాలు గడవలేదు. వాకిట్లో గుమిగూడిన జనం జేబుల్లో, కొంగుల్లో ఫోన్లు టింగు టింగుమనడం మొదలుపెట్టాయి. ఎప్పటెప్పటి మెసేజ్‌లో వస్తున్నాయి. ఎవరో నవ్వారు. నాకు ఆ నవ్విన నోరు పగలగొట్టాలనిపించింది.

ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. "పెళ్లిలో మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు పోతే కుయ్యిమంటుంది కదా, ఇదీ అంతే. మీరు రెండు యాంటెనాలూ దగ్గర దగ్గర కట్టారు. దీని గొంతు దీనికే మళ్లీ వినబడి కూత పెడుతోంది. పరీక్షకు నిలబడిన యంత్రమైతే అలాంటప్పుడు తనంతట తాను తగ్గిపోతుంది, లేకపోతే ఆగిపోతుంది. దీనికి ఆగడం రాదు." ఆ కూతలో టవర్‌కు ఊరి ఫోన్లేవీ సరిగ్గా వినబడలేదు. దూరంగా చేన్లో ఉన్న ఇంటి ఫోను అసలే వినబడలేదు. ఈ యాంటెనా కింద ఉన్న అక్క ఫోను ఒక్కటే ఆ లొల్లిని దాటి టవర్‌ను చేరింది.

ఆ రోజు నాకు ఇంకో లోకం గురించి తెలిసింది. తరంగాలు వదిలే యంత్రమైనా, ఫోన్ లైనుకు తగిలించే డబ్బా అయినా, అమ్మకముందే సర్కారు ఒప్పుకున్న ల్యాబుకు పోవాలట. ముట్టుకుంటే షాకు కొడుతుందా, వేడెక్కి అంటుకుంటుందా, పిడుగుపాటుకు లైన్లోకి వచ్చే దెబ్బను ఓర్చుకుంటుందా, తనకు ఇచ్చిన తరంగాల హద్దు దాటుతుందా, పక్క యంత్రాలతో పొత్తుగా పనిచేస్తుందా అని చూస్తారట. అన్నీ నెగ్గితేనే పత్రం, నంబరు. ఆ తర్వాత లోపల ముఖ్యమైన భాగం మార్చినా మళ్లీ చూపించాలట. ఇంత చేసి నెగ్గిన బూస్టర్‌ను కూడా ఫోన్ కంపెనీ వాళ్లు తప్ప ఎవరూ పెట్టకూడదట.

"మరి దీని మీద నంబరున్నది గద మేడమ్" అన్నాను.

ఆమె తన ఫోన్లో ఆ నంబరు కొట్టి చూసి నాకు చూపింది. అది ఎవరో తయారుచేసిన, తీగ లేని తలుపు గంటకు ఇచ్చిన నంబరు. ఇంట్లోకి చుట్టం వస్తే మోగే గంట!

నాకు చిర్రెత్తుకొచ్చింది. "గిన్ని పరీక్షలు, గిన్ని పత్రాలు మీ దగ్గర పెట్టుకున్నరు. మా బజార్ల గాజు అల్మారల అమ్ముతుంటే ఎవలు జూస్తున్రు? గా నంబర్ ఎట్ల జూడాల్నో ఒక్కనాడన్న తెలుగుల చెప్పిన్రా? ఒక్క వైర్‌మన్‌కన్న చెప్పిన్రా?" అని అరిచాను.

ఆమె తిరిగి అరవలేదు. "మీరన్నది నిజమే. చెప్పలేదు" అంది. తర్వాత స్క్రూలు విప్పి డబ్బా మూత తీసింది.

లోపల అరచేతిలో సగం కూడా లేని ఒక పచ్చటి సర్క్యూట్ బోర్డు ఉంది. దాని కింద, డబ్బా అడుగుకు రెండు స్క్రూలతో బిగించిన ఇనుప పట్టీ. ఏ వైరూ దానికి తగల్లేదు, ఏ పనీ చేయడం లేదు. అరచేతితో తూచేవాడి కోసమే పెట్టారు దాన్ని. పైన పటారం, లోన లొటారం అంటారు. ఇక్కడ ఆ లొటారాన్ని కూడా నాలాంటివాడి చేతిని చదివి, తూచి మరీ పెట్టారు. మా ఉస్తాద్ నేర్పిన విద్య ఎక్కడో డబ్బాలు చేసేవాడికి నాకంటే బాగా తెలుసు.

పంచనామా అక్క పేరు మీద రాశారు. దొరికిన ఇల్లు ఎవరిదైతే నోటీసు వాళ్లకే. నా పేరు రాయమని కాళ్లావేళ్లా పడితే, "కొన్నదీ బిగించిందీ మీరేనని వాంగ్మూలం ఇవ్వండి, జత చేస్తాను" అంది. రాసి ఇచ్చాను. అక్కడి నుంచి నేరుగా బజారుకు పోయాను. దుకాణదారు నా మొహం చూసి, "నేనెప్పుడు అమ్మిన? బిల్లేది?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నా దగ్గర చాయ్ తాగినవాడు. ఆ గాజు అల్మారా మీదికి చెయ్యెత్తాను. పక్క దుకాణాల వాళ్లు పట్టుకుని బయటికి లాగారు. లాగినవాళ్లలో ఇద్దరి దుకాణాల్లోనూ అవే డబ్బాలు ఉన్నాయి.

మర్నాడు అక్కతో కలిసి దవాఖానకు పోయాను. డాక్టరు ముందు నిలబడగానే నా నోరు మళ్లీ లేచింది. సర్కారు, కంపెనీ, బజారు, అందరినీ వరసగా అందుకున్నాను. అక్క నా చెయ్యి పట్టి గట్టిగా లాగింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది. గవన్ని ఇడిసిపెట్టు. ఎవలు పెట్టిన్రో గది చెప్పు సార్‌కు."

"నేనే పెట్టిన సార్" అన్నాను. "మా అక్కకేం తెల్వది."

డాక్టరు వాంగ్మూలం రెండుసార్లు చదివాడు. బూస్టర్ అంటే ఏమిటని అడిగాడు. పెళ్లి మైకు సంగతి చెప్పాను. ఇంకా సంతకం కాని ఆ తీసేసే కాగితాన్ని పక్కన పెట్టాడు. పదిహేను రోజులకు, అక్కను పనిలో ఉంచుతున్నామని చెప్పి పంపారు. తరంగాల శాఖ నోటీసు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, దానికి నేను తిరుగుతున్నాను. ఇప్పుడు ఏ ఇంటికి వైరింగుకు పోయినా అక్కడున్న డబ్బా మీది నంబరు కొట్టి చూడందే చెయ్యి పెట్టను. చాదస్తం అంటారు. తిడతాను.

అక్క ఇంట్లో మళ్లీ ఒక్క గీతే వస్తోంది. ఫోను మళ్లీ కిటికీ చువ్వకు వేలాడుతోంది. సూదుల రోజు నేను ఆమె ఇంటికి ఎర్త్ సరిచేయడానికి పోయాను. ఆటోలో ప్రసవించిన ఆ అమ్మాయి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. సూది అయ్యాక, ఇన్నాళ్లూ దాచుకున్నట్టు, తన మొగుడి ఫోన్ తీసి అక్కకు చూపింది. ఆ పొద్దుటి కాల్స్ చెరిపేయలేదు. "ఆశక్క" అని వరసగా కిందికి దిగుతూనే ఉంది. ఒకటి కింద ఒకటి, నిమిషానికొకటి.

"మేం అబద్దం చెప్పలేదక్కా" అంది ఆ అమ్మాయి.

అక్క ఆ ఫోన్‌ను చాలాసేపు కిందికి జరుపుతూ చూసింది. తిరిగి ఇచ్చేసి, బిడ్డ ఏడుపు మానే దాకా ఎత్తుకుని తిప్పింది. వాళ్లు వెళ్లిపోయాక నా పక్కన గడప మీద కూర్చుంది.

"గా నెలన్నర రాత్రిపూట ఒక్క ఫోన్ రాలే తమ్మీ. ఊరంత సల్లగున్నదనుకున్న. ఆదివారం ఆదివారం చర్చిల లేసి నిలబడి, నా ఊళ్లె ఎవలకు ఏ ఆపద లేదు ప్రభువా అని స్తుతి చెప్పిన."

నా నోటికి ఆ రోజు ఒక్క తిట్టు కూడా రాలేదు.